ఒకటి ఎక్కువ చెప్పిన ఏడు

పోయిన నెల మా చెల్లెలి కూతురు సెలవులకు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వసారాలో బోర్లా పడుకొని లెక్కల పుస్తకం ముందేసుకొని, కాసేపటికి దాన్ని మూసి తలకింద పెట్టుకుంది. ఏమైందే అంటే, "నాకు లెక్కలు రావు పెద్దమ్మా" అంది. ఆ మాటలో బాధేమీ లేదు. ఆకలిగా లేదు అన్నట్టు, బయట ఎండగా ఉంది అన్నట్టు చెప్పింది. రావని ఎవరు చెప్పారే అన్నాను. "ఎవురో చెప్పేదేంది, నాకు తెలీదా" అని అటు తిరిగింది. ఆ పిల్ల నిద్రపోయింది గాని నాకు ఆ పూట కునుకు పట్టలేదు. ఆ వయసులో ఆ మాట నేనూ అన్నాను. అంతకంటే నమ్మకంగా అన్నాను. నా చేత దాన్ని అనిపించడానికి ఎంతమంది శ్రమపడ్డారో, అందుకు ఎన్ని దెబ్బలు ఖర్చయ్యాయో తలచుకుంటూ కూర్చున్నాను.

మాది కడప జిల్లా. జమ్మలమడుగుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. కర్నూలు రాజధాని అయిందని బడిలో బొరుగులూ బెల్లమూ పంచిన మరుసటేడు నేను మూడో ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో, ఉన్నాను. ఊరికి ఎగువన రెడ్ల ఇండ్లు, దిగువన మా మగ్గాల వీధి, మధ్యలో నాపరాళ్లతో కట్టిన బడి. ఆ బండలు ఎండాకాలం ఉత్తకాళ్లను కాల్చేవి, చలికాలం కొరికేవి. అప్పట్లో మా వైపు మనుషుల్ని కొట్టడం వాన పడటం కంటే మామూలు సంగతి. పొలం గట్టు మీదనో, తిరునాళ్లలోనో, బండ్ల బాటలోనో ఎవరిదో ఒకరి తల పగిలిందనే కబురు వస్తూనే ఉండేది. ఫలానా ఇంట్లో కొడవళ్లు నూరుతున్నారని తెలిస్తే అమ్మ లేని ఇంట్లో మా అవ్వ, నాయన తల్లి, మమ్మల్ని లోపలికి పిలిచి గడియ వేసేది, మబ్బు పట్టగానే ఆరేసిన బట్టలు తీసుకున్నట్టు. పెద్దలు పొలాల్లో చేసేదే మేం బడిలో చిన్న కొలతలో చేసేవాళ్లం.

మా తరగతిలో ఎవరికి ఏం వస్తుందో, ఏం రాదో మేం పుట్టకముందే తేలిపోయి ఉండేది. ముందు బల్ల మీద ఊరి రెడ్డిగారి కొడుకు. పెద్దింటి అబ్బాయి అనేవాళ్లం. వాడికి భూములున్నాయి గనక చదువు వచ్చినా రాకున్నా ఒకటే అని ఊరి లెక్క. వాడి వెనక శెట్టిగారి అబ్బాయి. వాడికి లెక్కలు పుట్టుకతోనే వచ్చని అందరి నమ్మకం. పాపం వాడికి భాగహారం వచ్చేది కాదు. తప్పు చెప్పినప్పుడల్లా అయివారు "ఈ పొద్దు వీనికి ఒంట్లో బాగ ల్యాదు" అనేవాడు. వాడూ అదే నమ్మి కడుపు పట్టుకొని కూర్చునేవాడు. అందరికంటే వెనక, వాకిలి పక్కన, జట్కా సాయిబు కొడుకు. వాడు సరిగ్గా చెబితే మాత్రం "ఎవుర్ని చూసి చెప్పినావురా" అని అయివారు అడిగేవాడు. ఇక గోడ పక్కన ఆడపిల్లల బల్ల. మొదట ముగ్గురం. ఒకతెకు పెండ్లయింది, ఒకతె పెద్దమనిషై ఇంట్లో కూర్చుంది, నేను మిగిలాను. ఆడపిల్లలకు లెక్కలు రావని ఎవరూ పనిగట్టుకొని అనేవాళ్లు కూడా కాదు. అనాల్సినంత సంగతి కాదది. మా బల్లను అయివారు ఎప్పుడూ ఏమీ అడగలేదు, అంతే. అందులోనూ మగ్గాలోళ్ల పిల్లను అడగడానికి ఏముంటుంది.

లెక్కల అయివారు సన్నటి మనిషి. బెత్తం పట్టేవాడు కాదు. అది అక్కర్లేని పద్ధతి ఒకటి ఆ కాలంలో చాలా బడుల్లో ఉండేది, దాన్నే ఆయనా నడిపాడు. నోటిలెక్క ఒకటి అడుగుతాడు. వరసగా ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోవాలి. తప్పు చెప్పినవాళ్లు నిలబడే ఉండాలి. ఎవరైతే సరిగ్గా చెప్పారో వాళ్లు లేచి వచ్చి, నిలబడినవాళ్ల ముక్కు ఎడమ చేత్తో పట్టుకొని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. ముక్కు పట్టేది తల పక్కకు తిప్పుకోకుండా. స్నేహితుడు గదా అని చెయ్యి తేలిక చేస్తే, ఎంత గట్టిగా కొట్టాలో అయివారు వచ్చి ఆ కొట్టినవాడి చెంప మీదే చూపించేవాడు. అందుకని స్నేహితులే ఒకరినొకరు మరింత గట్టిగా కొట్టుకునేవాళ్లు.

ఒక పొద్దు అయివారు దేనికో మండిపడుతూ వచ్చి, పదహారు తొమ్మిదుల్లో సగం ఎంత అని అడిగాడు. వెనక నుంచి మొదలుపెట్టాడు. ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. తరగతి మొత్తం నిలబడి ఉంది. వాళ్లకు సిగ్గు తెప్పించడానికే అనుకుంటాను, ఎప్పుడూ చూడని మా బల్ల వైపు తిరిగి "నువ్వు చెప్పుమే" అన్నాడు. నేను డెబ్భై రెండు అన్నాను. నా మటుకు నాకు అందులో గొప్పేమీ కనపడలేదు. వీధిలో పడుగు సాచినప్పుడు అవ్వతో కలిసి పోగులు లెక్కపెట్టడం నడకతోపాటు నేర్చుకున్నాను. అయివారు పద్ధతి పద్ధతే గనక "ఊ, కొట్టు" అన్నాడు.

నాకు దగ్గరగా ఉన్నది పెద్దింటి అబ్బాయి. వాడు ఇకిలిస్తూ ముఖం ముందుకు పెట్టాడు. నేను వాడి ముక్కు వేళ్ల కొసలతో పట్టుకొని ఈగను తోలినట్టు చెంప తాకాను. తరగతంతా నవ్వింది. అయివారు లేచి వచ్చి నా చెంప మీద ఒకటి వేశాడు. చెవిలో నాలుగు మగ్గాలు ఒక్కసారి ఆడిన మోత. "ఇట్ల కొట్టల్ల" అన్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు నేర్చుకునే పిల్లను. అట్లే కొట్టాను. ఎండలకు వాడి ముక్కు లోపల ఎండి పగిలి ఉందో, నా చెయ్యే పనికి గట్టిపడి ఉందో, రక్తం కారి తెల్లచొక్కా మీద పడింది. వాడి నవ్వు పోయింది గాని ఏడవలేదు. ఆపమని ఎవరూ అనలేదు గనక మిగతావాళ్లనూ కొట్టుకుంటూ పోయాను. చివరి బల్లకు వచ్చేసరికి నా అరచెయ్యి మండుతోంది. అబద్ధమెందుకు, బాగుంది కూడా.

మరునాడు తెల్లవారుతూనే నాయనా అవ్వా మా ఇంటి ముందు పడుగు సాచి గంజి పెడుతున్నారు. పెద్దింటి మనుషులు ముగ్గురు వచ్చారు. చేతుల్లో కొడవళ్లు, ఒకడి భుజం మీద కట్టె. ముందున్నవాడు నెమ్మదిగానే మొదలుపెట్టాడు. "ఏమప్పా, నీ బిడ్డ చెయ్యి శానా పొడుగంట గదా."

"పిలకాయలు గదన్నా. అయివారు కొట్టమన్యాడంట" అన్నాడు నాయన, గంజి కుంచె కింద పెట్టి.

"అయివారు కొట్టమంటే కొడ్తాదా? మా పిల్లోనికి రానిది నీ బిడ్డకు వచ్చెనని ఇంగొకసారి మాకు వినపడగూడదు."

ఆ మాట అంటూనే కొడవలి పడుగు మీద వేశాడు. బిగువుగా ఉన్న తడి పోగులు తెగితే ఒక మూలుగులాంటి చప్పుడు వస్తుంది. అటు సగం, ఇటు సగం వెనక్కు లాగుకొని మట్టిలో పడ్డాయి. ఎవరైనా అయితే తనను కాపాడుకోవడానికి చేతులు తలకు అడ్డం పెట్టుకుంటారు. నాయన మాత్రం ఒంగి ఆ తెగిన కొసలు చిక్కుపడకుండా గుప్పిట పట్టుకోబోయాడు. కట్టె ఉన్నవాడు ఆ గుప్పిట మీదే కొట్టాడు, ఒకసారి కాదు. ఎముక విరిగిన చప్పుడు నేను గడప దగ్గరి నుంచి విన్నాను. అవ్వ గంజి కుండ ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. వాడు ఆమెను కాలితో తోశాడు. గంజి కారుతున్న ముఖంతో వాడు అరుస్తుంటే, ఇంకోడికి నవ్వొచ్చింది. ఆ నవ్వే మమ్మల్ని కాపాడిందేమో, అంతటితో వెళ్లిపోయారు. వీధిలో అన్ని గడపల్లోనూ మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కరూ దిగి రాలేదు. వాళ్లను తప్పు పట్టను. అందరి పడుగులూ వీధిలోనే ఉన్నాయి.

కోడిగుడ్డు సొనా పసుపూ పట్టించి నాయన చేతికి కట్టు కట్టారు. అవ్వ గోడకు ఆనుకొని, "ఇంగ బడి చాలు. యాడన్నా సంబంధం చూసి పంపు" అంది. నాయన తర్వాత నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"బడికి పో. అడిగితే తప్పు చెప్పు. ఏడాది చివర పరీక్ష జమ్మలమడుగులో గదా పెట్టేది, కాగితం మింద. ఆడ రైటు రాయి. కాగితానికి చెంప ల్యాదు. పాసయితే ఆడి హైస్కూల్లోనే చేర్పిస్తా. ల్యాకుంటే మీ అవ్వ మాటే."

నోటితో తప్పు చెప్పడం, చేత్తో ఒప్పు రాయడం. ఇదే ఆ ఏడు నా పని. వినడానికి సులభంగానే ఉంది.

అయివారికి కూడా పెద్దింటి నుంచి మాట వచ్చి ఉంటుంది. మరుసటి రోజు నుంచి మొదట నన్నే అడగడం మొదలుపెట్టాడు. ఎంత తప్పు చెప్పాలన్నది నాయన చెప్పలేదు. నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మా ఇంట్లో పడుగు పోగులు లెక్కపెట్టాక చివర ఒక పోగు ఎక్కువ వేసే అలవాటు. తెగితే పనికొస్తుందని నాయన వేసేవాడు, సామి పేరున అని అవ్వ వేసేది. ఇద్దరూ వేశారో ఒకరే వేశారో అని అప్పుడప్పుడూ తగువులాడుకొని మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టేవాళ్లు. ఆ సామి పోగును నేను బడికి తీసుకుపోయాను. వచ్చిన జవాబుకు ఒకటి కలిపి చెప్పేదాన్ని. "చూసినారా, ఆ పొద్దు ఏదో గాలివాటున తగిలింది" అన్నాడు అయివారు తరగతితో. ఆయన గొంతులో పెద్ద బరువు దిగిన హాయి. నా తర్వాత పెద్దింటి అబ్బాయి చెప్పాలి. మొదట్లో వాడూ తప్పే చెప్పేవాడు, ఇంకెవరో మమ్మల్నిద్దరినీ కొట్టేవాళ్లు. కొన్నాళ్లకు వాడు సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. లేచి వచ్చి నా ముక్కు పట్టుకొని కొట్టేవాడు. వాడికి ఎట్లా కొట్టాలో ఎవరూ చూపించాల్సిన పని లేదు. ఒక్కొక్క దెబ్బకు పంటి కింద లోపలి చెంప తెగి నోట్లో ఉప్పగా రక్తం ఊరేది. మింగి, తర్వాతి లెక్కకు లేచి నిలబడేదాన్ని. అన్ని లెక్కలూ వాడే చెబుతున్నాడు గనక మిగతావాళ్ల వంతు వచ్చేదే కాదు. తరగతి మొత్తం మీద దెబ్బలు తినే చెంప ఒక్కటే మిగిలింది.

ఒకనాడు బడి వదిలాక బావి దగ్గర నీళ్లు పుక్కిలించి ఉమ్ముతుంటే జట్కా సాయిబు కొడుకు వచ్చాడు. "మే, నువ్వు చెప్పిందాంట్లో ఒకటి తీసేసి చెప్తాండాడు వాడు. బెంచీ బెంచీకీ తెలుసు, నీకే తెలీదు. నీ చెంప పుణ్యాన మా చెంపలన్నీ బాగుండాయి" అన్నాడు.

"నీకు తెలుసు గదా, నువ్వు చెప్పొచ్చు గదా లెక్క."

"చెప్తే ఎవురి ముక్కు పట్టుకోవల్ల? మా నాయనకు గుర్రం ఒకటే ఉండాది."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ముందు నాకు సంతోషం వేసింది. వాళ్లందరూ నా లెక్కను నమ్ముతున్నారు, ఒక్కటి తీసేస్తే చాలునన్నంతగా నమ్ముతున్నారు. ఇంటికి చేరేసరికి కోపమొచ్చింది. మరునాడు ఒకటి కలపడానికి బదులు ఒకటి తీసి చెప్పాను. పెద్దింటి అబ్బాయి అందులోంచి ఇంకొకటి తీసి చెప్పాడు. శెట్టిగారి అబ్బాయి కడుపు పట్టుకున్నాడు. వాకిలి పక్కనున్నవాడు పైకప్పు వైపు చూసి ఏదో నోటికొచ్చిన అంకె చెప్పాడు. వరుస వరుసంతా తప్పు. ఆ రోజు అయివారే ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ పోయాడు. పెద్దింటి అబ్బాయి దగ్గర మాత్రం చెయ్యి దించి, సాయంత్రం వాళ్లింటికి పోయి చెప్పి వచ్చాడు.

వాడు రెండు రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు సందు మలుపులో నాకు ఎదురుపడి నిలబడ్డాడు. కొట్టడానికే అనుకొని గోడకు ఆనుకున్నాను. వాడు చొక్కా వెనక్కు ఎత్తి వీపు చూపించాడు. ఎద్దుల్ని తోలే చెర్నాకోల వాతలు, అక్కడక్కడా చర్మం లేచి ఇంకా తడిగా ఉన్నాయి.

"మల్ల అట్ల చెయ్యొద్దు మే. ఆడదానితో కొట్టించుకుంటివి, ఇప్పుడు లెక్క గూడ తప్పితివా అని మా నాయన చెట్టుకు కట్టేసినాడు. ఇంగొకసారి అయితే నన్ను సంపుతాడు. మీ నాయన్ను గూడ."

బెదిరించినట్టు అనలేదు. అడుక్కున్నట్టు అన్నాడు. చొక్కా దించుకొని, ముఖం తుడుచుకొని, నాకంటే ముందు నడిచి బడిలోకి వెళ్లాడు. ఆ పూట మళ్లీ ఒకటి కలిపి చెప్పాను. వాడు వచ్చి నా ముక్కు పట్టుకున్నాడు. పట్టు వదులుగా ఉంది. దెబ్బ మాత్రం గట్టిగానే వేశాడు, అయివారు చూస్తున్నాడు గదా.

ఎండలు ముదిరేసరికి నాలో ఏదో మారింది. మొదట్లో జవాబు అనుకొని, దానికి ఒకటి కలిపి, అప్పుడు నోరు తెరిచేదాన్ని. పోనుపోను కలిపినదే ముందు వచ్చేది. అసలుది ఏదో వెనక్కు పోయి వెతుక్కోవాలి, ఒక్కోసారి దొరికేది కాదు. "మగ్గాలదానికి ఇంతకన్నా ఏమొస్తాది" అని అయివారు రోజూ అనే మాట, రోజూ అదే చోట పడే దెబ్బ, రెండూ కలిసిపోయాయి. ఆ మాట ఆయన నోట్లోంచి కాక నా చెంపలోంచే పుట్టినట్టు ఉండేది. నాయనకు ఇదంతా చెప్పలేదు. ఆయన వంకరగా అతుక్కున్న వేళ్లతో పేకపోగు నడిపే నాడె విసరలేక, విసిరి జారవిడిచి, మళ్లీ వంగి తీసుకుంటూ, ఆ ఏడంతా నా పరీక్ష కోసం ఎదురుచూస్తున్నాడు.

పరీక్షకు జమ్మలమడుగుకు నాయనే తీసుకుపోయాడు. లెక్కల కాగితం చేతికిచ్చారు. చుట్టూ ఎవరూ నాకు తెలిసినవాళ్లు కారు. పెద్దింటి అబ్బాయి ఎక్కడో దూరంగా కూర్చున్నాడు. నా ముక్కు పట్టుకునేవాళ్లు లేరు. మొదటి లెక్క, ఒక పనిని పన్నెండు మంది ఎనిమిది దినాల్లో చేస్తే పదహారు మంది ఎన్ని దినాల్లో చేస్తారు. ఆరు వచ్చింది. రాయబోయి ఆగాను. ఇది ఆరేనా, లేక ఐదుకు నేను ఒకటి కలిపేశానా? ఐదు రాశాను. కొట్టేసి ఆరు రాశాను. ఆరు చూడగానే చెంప బిగుసుకుంది. దాన్నీ కొట్టేసి ఏడు రాస్తే, ఒళ్లంతా తేలికైంది. అలవాటైన చోటికి వచ్చినట్టు ఉంది. తప్పని తెలిసి మళ్లీ కొట్టేశాను. గంట మోగే వేళకు నా కాగితంలో కొట్టివేతలే తప్ప జవాబులు కనపడలేదు. బయట వేపచెట్టు కింద నాయన కూర్చొని ఉన్నాడు. బాగా రాసినావా అని అడగలేదు. నా ముఖం చూసి, నీళ్ల చెంబు అందించాడు.

లెక్కల్లో తప్పానని తెలిసిన రోజు నాయన మగ్గం గుంటలో ఉన్నాడు. ఎట్ల పోయెనమ్మా, అన్నాడు. ఎన్నో చెప్పొచ్చు. సామి పోగు సంగతి చెప్పొచ్చు, వాడి వీపు సంగతి చెప్పొచ్చు. అవేవీ నాకు అప్పుడు కారణాలుగా తోచలేదు. ఉన్న సంగతి చెబుతున్నాననే అనుకొని, "లెక్కలు నాకు రావు నాయనా" అన్నాను. ఆయన గుంటలోంచి లేచి వచ్చి నా చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను కొట్టింది అదొక్కటే. వేళ్లు చాపడానికి రానందుకో, మనసు రానందుకో, తాకీ తాకనట్టు తగిలింది. అయివారు చూసి ఉంటే ఎట్లా కొట్టాలో ఆయన చెంప మీద చూపించి ఉండేవాడు. "నీకొచ్చు. నేనే వద్దన్యా" అన్నాడు నాయన. తిరిగి గుంటలోకి దిగాడు గాని చాలాసేపటి వరకూ మగ్గం చప్పుడు రాలేదు.

ఆ ఎండాకాలమే నాకు పెండ్లయి ఎమ్మిగనూరు వైపు వచ్చాను. మా మరిది పాత బడిపుస్తకాలు అటక మీద ఉంటే దించి, ఇంట్లో ఎవరూ లేని వేళల్లో లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టాను. ఎందుకంటే చెప్పలేను. నాలుక పుండు మీదికే పోతుంది గదా, అట్లాంటిదేమో. జవాబు రాసి, వెనక పేజీలు తిప్పి చూసేదాన్ని. నాది సరిపోతే, అచ్చు తప్పు పడిందేమో అనుకునేదాన్ని. అట్లా అనుకుంటూనే ఒక పుస్తకం అయిపోయి, పై తరగతిది, దాని పై తరగతిది అడిగి తెప్పించుకున్నాను. నాకు గురువంటూ ఎవరూ లేరు. ఉండనివ్వలేదు. ఎదురుగా ఎవరైనా కూర్చుంటే ఒకటి ఎక్కువ వచ్చేది.

పెద్దింటి అబ్బాయిని చాలా ఏండ్ల తర్వాత ప్రొద్దుటూరులో ఒక పెండ్లిలో చూశాను. ఆ పరీక్షలో వాడూ తప్పాడు. వాళ్ల మేనమామ కర్నూల్లో ఉంచి చదివించాడట, ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టులు చేస్తున్నాడు. పంక్తిలో పక్కవాళ్లతో, "బళ్లో లెక్కలకు నేనే ఫస్టు. అయివారు అడిగేదే ఆలస్యం" అని చెబుతున్నాడు. నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగానే పలకరించాడు. "నువ్వూ మా క్లాసే గదమ్మా. పాపం, నీకు లెక్కలు రాకుండె" అన్నాడు. నేను వాడి కండ్లలోకి చూశాను, ఏమన్నా దాచుకున్నాడేమోనని. ఏమీ లేదు. వాడు అబద్ధమాడటం లేదు. ఆ ఏడు ఒకే తరగతిలో, ఒకే జవాబులతో, వాడికి వచ్చునని వాడు నేర్చుకున్నాడు, నాకు రాదని నేను నేర్చుకున్నాను. ఇద్దరం బాగా నేర్చుకున్నాం.

మగ్గం గుంట దగ్గర నాయన చెప్పిన "నీకొచ్చు" అన్న మాట ఆ పొద్దే నా చెవిన పడింది. దాన్ని నేను నమ్మింది మాత్రం ఎన్నో ఏండ్లకు, ఒక లెక్క పూర్తి చేసి, వెనక పేజీ తిప్పాలని కూడా తోచకుండా తర్వాతి లెక్కకు వెళ్లిపోయిన ఒక ఉదయాన. ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసివచ్చి, నాయనకు చెప్పాలని లేవబోయాను. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైందని లేచి నిలబడ్డాక గుర్తొచ్చింది.